తమ్ముడి వేలిముద్ర

అటక మీది పాత కిరసనాయిలు స్టవ్వు కిందికి దిగింది. దించింది పెద్దకోడలు. స్టూలు పట్టుకోమని కూడా ఎవరినీ పిలవలేదు.

చిన్నకోడలు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. తోడికోడలు వెనక వరండాలో ఒక మూల తుడుచుకుంది. స్టవ్వు పెట్టింది. వత్తులు పైకి లాగి అగ్గిపుల్ల గీసింది. మొదటి పుల్ల ఆరిపోయింది. రెండోదీ అంతే. మూడోదానికి నల్లటి పొగ గుప్పున లేచి వరండా అంతా కమ్ముకుంది.

“అక్కా, గ్యాసు పొయ్యి ఖాళీగానే ఉంది కదా. ఆ పొగలో కూర్చోవడం ఎందుకు?”

పెద్దకోడలు వత్తులు కొంచెం కిందికి దించింది.

“పోనీ ముందు నువ్వు వండుకో అక్కా. నేను తర్వాత వండుకుంటాను.”

“విన్నావుటే బుజ్జీ?” పెద్దకోడలు మెట్టు మీద కూర్చున్న కూతురితో అంది. “వండుకో అంటోంది మీ పిన్ని. ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ వండుదాం అనే మాటే విన్నాను నేను. ఇదేదో కొత్తగా ఉంది.”

బుజ్జి తల ఎత్తలేదు. జడ చివర రిబ్బను విప్పడం, మళ్ళీ కట్టడం. పొద్దుటి నుంచీ అదే పని.

నిన్న సాయంత్రం లాయరమ్మ వచ్చి వెళ్ళేదాకా ఇల్లు ఇలా లేదు. బుజ్జి నాన్న, ఆ ఇంటి పెద్దాయన పౌరసత్వం కార్డు రద్దయిన దగ్గర్నుంచి బెంగ ఉంది, భయం ఉంది. అయినా అందరూ ఒకే కుండలోది తింటూ, ఒకే మాట మీద ఉన్నారు. లాయరమ్మ టీ తాగి, సంచిలోంచి కాగితాలు తీసి, గవర్నమెంటు వాళ్ళు కోర్టులో ఏం పెట్టారో చదివి వినిపించింది. అందులో పెద్దాయన తమ్ముడు, అంటే చిన్నకోడలి మొగుడు, ఆఫీసులో రాసిచ్చిన మాట ఒకటుంది. ‘మా అన్నగారి కార్డు మీద నా వేలిముద్ర ఎలా వచ్చిందో నాకు తెలియదు.’ కింద సంతకం.

టీ కప్పులు తీస్తున్న పెద్దకోడలు ట్రే అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తమ్ముడేమో తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. అప్పటికే ఒకసారి స్నానం అయింది ఆయనకు.

తెలియకపోవడమేమిటి! ఈ ఇంట్లో ఆ వేలి సంగతి తెలియనిదెవరికి?

పెద్దాయనది అద్దాలకు అంచులు సానపట్టే పని. తిరిగే పట్టా మీద నీళ్ళు కారుతుంటే గాజు అంచును రెండు చేతులా ఆనించి పట్టుకోవాలి. ఇన్నేళ్ళ పనికి గాజుతో పాటు వేళ్ళూ అరిగాయి. గీతలనేవే లేకుండా నున్నగా తేలాయి. కొత్త కార్డులు ఇస్తున్నారని ఇంటిల్లిపాదీ వెళ్ళి ఎండలో వరసలో నిలబడిన రోజున మెషీను ఆయన వేలు ఒప్పుకోనంది. తుడిచి పెట్టాడు, తడిపి పెట్టాడు, నొక్కి పెట్టాడు. వెనక జనం అరుస్తున్నారు. మెషీను దగ్గర కూర్చున్నవాడు విసుక్కుని, ఫ్యాను తిప్పుకోవడానికి అటు తిరిగాడు.

అప్పుడు పెళ్ళయి ఏడాది కూడా తిరగని చిన్నకోడలు కిసుక్కున నవ్వి మొగుడి మోచెయ్యి పొడిచింది. “మీరు పెట్టెయ్యండీ. ఒక్క తల్లి పిల్లలేగా!” ఆయన పెట్టేశాడు. మెషీను కీచుమంది. పని అయిపోయింది.

దారి పొడుగునా ఒకటే నవ్వులు. ఆ తర్వాత అది ఇంటి జోకైపోయింది. తమ్ముడు రెండోసారి అన్నం వడ్డించుకుంటే “ఒక కంచం నీకు, ఒక కంచం మీ అన్నయ్య వేలికి” అని వదిన ఆటపట్టించేది. చుట్టాలొస్తే ఈ కథ చెప్పాల్సిందే. “ఐడియా ఎవరిదనుకున్నారు? మా చిన్నకోడలిది!” అని పెద్దకోడలే పొగిడేది. చిన్నకోడలు సిగ్గుపడుతున్నట్టు నటించేది గానీ లోలోపల గర్వంగానే ఉండేది.

ఈ మధ్య ఏదో కొత్త కంప్యూటరు ఒకే వేలు రెండు కార్డుల మీద ఉందని పట్టుకుంది. ఆ రోజు నుంచి ఆ జోకు మళ్ళీ ఎవరూ చెప్పలేదు. ఐడియా ఎవరిదన్న మాట అసలు ఎత్తలేదు. ఎవరో ఒకరు తిట్టినా బాగుండునని చిన్నకోడలికి చాలాసార్లు అనిపించింది.

“నాతో మాట్లాడక్కా.”

“మాట్లాడటానికేముంది? నీ మొగుడికి తెలియదట. నీకు తెలుసా మరి?”

“తెలుసు.”

“ఇంట్లో తెలిసి ఏం లాభం?” పెద్దకోడలు కళ్ళు తుడుచుకుంది. పొగ వల్లే అన్నట్టు స్టవ్వును ఒక్కటేసింది. “నేనేం అతని ప్రాణం అడిగానా? ఆ వేలు నాదే, మా అన్నకు నేనే పెట్టానని చెప్పమన్నాను. అంతేగా.”

“చెప్తే ఆయన ఉద్యోగం పోతుందక్కా. అబద్ధం రాసిచ్చాడని ఆయన కార్డూ పోతుంది. ఆయనది పోతే నాదెక్కడ ఉంటుంది? ఫలానా ఆయన భార్యనని ఇచ్చిందేగా నా కార్డు. నాకు పుట్టిల్లు కూడా లేదు, పంపిస్తే ఎక్కడికి పోను?”

“నీకు పోతుందేమోనని భయం. మాకు పోయింది. మీ బావగారిది పోయింది, ఆయన కూతురని దీనిదీ పోయింది. నర్సింగులో సీటొచ్చిన పిల్ల, మెట్టు మీద కూర్చుని రిబ్బను కట్టుకుంటోంది చూడు. రేపు కోర్టులో ఓడిపోతే ఆయన్ని తీసుకెళ్ళి, కార్డు లేనివాళ్ళను ఉంచే ఆ ముళ్ళకంచె లోపల పడేస్తారు. అప్పుడు నువ్వొచ్చి ‘ముందు నువ్వు వండుకో అక్కా’ అందువుగాని.”

స్నానాల గది తలుపు తెరుచుకుంది. చిన్నకోడలి మొగుడు తల తుడుచుకుంటూ బయటికొచ్చి, పొగను చూశాడు, వదినను చూశాడు. ఊరి నీళ్ళ సరఫరా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వల్ల కాదుగానీ, నీళ్ళు నమలడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

“అది కాదు వదినా...” అన్నాడు.

ఏది కాదో ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

రోజూ ఆఫీసుకు బయల్దేరేటప్పుడు బాబాయికి సంచి అందించేది బుజ్జి. అందిస్తూ ఏదో ఒకటి తెమ్మని చెవిలో చెప్పేది. ఇవాళ సంచి మేకుకే ఉంది. ఆయన చెప్పులు తొడుక్కుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత తనే తీసుకుని వెళ్ళిపోయాడు.

*

మొగుడు వెళ్ళాక చిన్నకోడలు అన్నం వండింది. వార్చేటప్పుడు గానీ చూసుకోలేదు, చెయ్యి అలవాటు కొద్దీ అందరికీ సరిపడా బియ్యం పోసేసింది. అంత అన్నం ముందు పెట్టుకుని కూర్చుంటే దుఃఖం ముంచుకొచ్చింది. ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని క్యారేజీ సర్దింది. పెద్దాయన పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్ళాడని ఆమెకు తెలుసు.

అన్నం ఒక వంక. అసలు పని వేరే ఉంది. మా ఆయన్ని ఇందులోకి లాగొద్దని బావగారి కాళ్ళయినా పట్టుకుందామని బయల్దేరింది.

కార్డు పోగానే షాపు లైసెన్సు కూడా ఆగిపోయింది. అయినా పెద్దాయన రోజూ వెళ్ళి షట్టరు సగం లేపుకుని కూర్చుంటాడు. ఆమె వంగి లోపలికి వెళ్ళేసరికి సాన మెషీను కింద ఎండిపోయిన గాజు మడ్డిని రేకుతో గీకుతున్నాడు. గోడకు ఆనించిన అద్దాల్లో ఒకటికి పది చోట్ల కనిపించాడు. అన్నిట్లోనూ చిక్కిపోయే ఉన్నాడు.

“రామ్మా. మీ అక్క వండలేదా?”

“వండింది బావగారూ. వరండాలో.”

ఆయన రేకు పక్కన పెట్టాడు. డ్రమ్ములో నీళ్ళతో చేతులు కడుక్కుని, కింద కాగితం పరుచుకుని క్యారేజీ విప్పాడు. రెండు ముద్దలు తిన్నాక అన్నాడు.

“నువ్వు వచ్చిన పని నాకు తెలుసు. అడగక్కర్లేదు. పొద్దున్నే లాయరమ్మకు ఫోను చేసి చెప్పేశాను. వాణ్ణి సాక్ష్యానికి పిలవొద్దన్నాను.”

చిన్నకోడలికి ముందు గుండెల మీద బరువు దిగినట్టయింది. మరుక్షణమే అలా అయినందుకు సిగ్గేసింది. అడగడానికి దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

“మరి మీరు?”

“చర్మం డాక్టరు రాసిచ్చాడుగా, వేళ్ళు అరిగిపోయాయని. జడ్జిగారు కూడా మనిషేగా. చూద్దాం.”

“ఆయన చేసింది తప్పే బావగారూ. అలా రాసిచ్చానని ఆ రోజు ఇంటికొచ్చి నాతో చెప్పారు. నేనే... పోనీలెండి, ఎవరికి తెలుస్తుంది అన్నాను.”

“పై ఆఫీసరు ఎదురుగా కూర్చోబెట్టి కాగితం ముందు పడేస్తే వాడేం చేస్తాడమ్మా? చిన్నప్పట్నుంచీ అంతే వాడు. ఏదైనా పగలగొట్టాడనుకో, ఎవర్రా అంటే ముందు తెలియదనేవాడు. పొద్దుగూకే లోపల నా దగ్గరికొచ్చి, నేనే అన్నయ్యా అని ఏడ్చేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.” పెద్దాయన అన్నం కలుపుతూ ఆగాడు. “ఈసారి ఇంకా రాలేదు. వస్తాడేమోనని చూస్తున్నాను.”

ఆమె తల దించుకుంది.

“ఆ రోజు వరసలో నేను ఆ మాట అనకుండా ఉంటే...”

“ఊరుకో. అంత ఎండలో నిలబడ్డాక ఎవరి బుర్ర పనిచేస్తుంది? నువ్వు కాకపోతే నేనే అనేవాణ్ణేమో.” ఉన్నట్టుండి నవ్వాడు. “ఎంత నవ్వామో కదా ఆ రోజు! మీ అక్కకు పొలమారింది కూడా.”

ఆమె నవ్వలేకపోయింది. ఆయన క్యారేజీ గిన్నెలు కడిగి, మూతలు బిగించి, చేతికిచ్చాడు.

“ఒక్క పని చేసిపెట్టమ్మా. ఆ స్టవ్వు మళ్ళీ అటకెక్కించు. నేను ఇంట్లో ఉన్నా, ఉండకపోయినా, రెండు వంటలు మాత్రం వద్దు.”

*

“బావగారు మిమ్మల్ని పిలవొద్దన్నారట,” అంది చిన్నకోడలు, సాయంత్రం మొగుడు చొక్కా విప్పుతుండగానే.

“అన్నయ్యా? అలా అన్నాడా?”

“ఆ. లాయరమ్మకు చెప్పేశారు.”

ఆయన మొహం తేటపడింది. అది చూసి ఆమెకు ఊరట కలగలేదు సరికదా, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ తేట కూడా ఎంతోసేపు నిలవలేదు. ఆయన చొక్కా సగం విప్పి మంచం అంచున కూర్చున్నాడు.

“కోపంగా అన్నాడా?”

“లేదు.”

“కోప్పడితే బాగుండేదే.”

వెనక వరండాలో స్టవ్వు మళ్ళీ పొగ చిమ్ముతోంది. పెద్దకోడలు దగ్గు వినిపిస్తోంది. స్టవ్వు అటకెక్కించమని బావగారు చెప్పిన సంగతి చెప్పడానికి చిన్నకోడలు వరండా గుమ్మం దాకా వెళ్ళింది. ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక తిరిగొచ్చింది.

అన్నం పెట్టింది. ఆయన ఒక్కసారే వడ్డించుకున్నాడు, అది కూడా వదిలేశాడు.

“ఇంకేమైనా అన్నాడా అన్నయ్య?”

అనడానికి అన్నాడు. ఇంకా రాలేదు, వస్తాడేమోనని చూస్తున్నాను అన్నాడు. ఆ ఒక్క మాట చెవిన వేస్తే చాలు, ఈ మనిషి కంచం ముందు నుంచి లేచి అన్న దగ్గరికి పరిగెత్తుతాడు. అది ఆమెకు బాగా తెలుసు. తెలిసే, కంచం తీసింది.

“ఇంకేమనలేదు. పడుకోండి,” అంది.

*

కోర్టు గదిలో బెంచీలు ఇరుకు. ముందు బెంచీలో పెద్దకోడలు, బుజ్జి కూర్చున్నారు. వెనక బెంచీలో చిన్నకోడలు మొగుణ్ణి గోడవైపు కూర్చోబెట్టి, తను నడిచే దారి పక్కన కూర్చుంది. ఆవేశపడి లేచినా తనను దాటి వెళ్ళలేడని ఆమె లెక్క. ఒళ్ళో సంచి పెట్టుకుని మోకాళ్ళు ముందు బెంచీకి ఆనించింది.

గవర్నమెంటు లాయరు గొంతు పెంచకుండానే మాట్లాడాడు. “ఈయన వేరొకరి వేలిముద్రతో కార్డు సంపాదించాడు. ఆ వేలు ఎవరిదో వారు, తమకేమీ తెలియదని రాసిచ్చారు. ఇందులో ఇంకా విచారించాల్సింది ఏముందండీ?”

లాయరమ్మ డాక్టరు కాగితం చూపించింది. కావాలంటే ఇప్పుడే పరీక్షించుకోండి అంది. ఒక ఉద్యోగి మెషీను తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెద్దాయన బొటనవేలు చొక్కాకు తుడుచుకుని గాజు మీద ఆనించాడు. ఎర్ర లైటు వెలిగింది. తడిపి పెట్టాడు. ఎర్ర లైటు. నొక్కి పెట్టాడు. ఆ రోజు చేసినట్టే చేస్తున్నాడు, అదే వరసలో. చిన్నకోడలు చూడలేక పక్కకు తిరిగింది. మొగుడు తన బొటనవేలిని పిడికిట్లో దాచుకుని ఉన్నాడు.

జడ్జిగారు కళ్ళద్దాలు తీశారు.

“మీ వేలికి ముద్ర పడదు. ఒప్పుకుంటాను. కానీ మీ కార్డు మీద ఉన్నది మీ తమ్ముడి ముద్ర. అది అక్కడికి ఎలా వచ్చింది?”

పెద్దాయన తడి బొటనవేలిని చొక్కాకు తుడుచుకున్నాడు.

“చూడండి. అది మోసమా, పొరపాటా అన్నదే నేను తేల్చాల్సింది. ఆ రోజు ఏం జరిగిందో చెబితే, మీకు సాయపడే దారి చట్టంలో ఉందేమో చూస్తాను. చెప్పండి. ఎలా వచ్చింది?”

పెద్దాయన వెనక్కి తిరగలేదు. తమ్ముడున్న వైపు కన్నెత్తి కూడా చూడలేదు. చేతులు కట్టుకుని అన్నాడు.

“నాకు తెలియదండీ.”

అవే మాటలు. తమ్ముడు కాగితం మీద రాసిచ్చినవే. ఇద్దరి మాటా ఒకటైతే తమ్ముడి జోలికి ఎవరూ రారని ఆయన ఎంచుకున్న దారి అది. లాయరమ్మ తెల్లబోయి ఆయన వైపు చూసింది. పెద్దకోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుజ్జి ఒక్కసారిగా తల్లి భుజం మీద వాలిపోయింది.

“తెలియదంటే నేను చేయగలిగిందేమీ లేదు,” అన్నారు జడ్జిగారు. ఆ గొంతులో కూడా విచారమే ఉంది. టైపు చేసే అమ్మాయి వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టారు.

టకటకమని అక్షరాలు పడుతున్నాయి. నిన్న మొగుడికి చెప్పకుండా మింగేసిన మాట చిన్నకోడలికి గుర్తొచ్చింది. ఇంకాసేపు ఊరుకుంటే తన కార్డూ మొగుడి కార్డూ క్షేమం, పోయేవి బావగారిదీ బుజ్జిదీ. సాయంత్రం ఇంటికెళ్ళి వండుకోవచ్చు. రోజూ ఆ వరండా చూస్తూ, బుజ్జి మొహం చూస్తూ వండుకోవచ్చు.

మొగుడి చెవి దగ్గరికి వంగింది.

“నిన్న మీకొకటి చెప్పలేదు. చిన్నప్పుడు ఏం చేసినా పొద్దుగూకే లోపల ఆయన దగ్గరికెళ్ళి ఒప్పుకునేవారట మీరు. ఈసారి ఇంకా రాలేదేమిటా అని చూస్తున్నానన్నారు బావగారు.”

ఆయన ఆమె వంక చూసిన చూపు ఆమె జన్మలో మరిచిపోలేదు.

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. మోకాళ్ళు పక్కకు తిప్పింది. ఆ ఇరుకులో అది చాలదని, ఆయన బయటికి రావడానికి వీలుగా లేచి దారిలోకి వచ్చి నిలబడింది.

ఆయన లేవలేదు. ముందు బెంచీ అంచును రెండు చేతులా పట్టుకున్నాడు.

టైపు చప్పుడు ఆగింది. జడ్జిగారు ఆమె వైపే చూస్తున్నారు.

“ఎవరమ్మా మీరు? ఏమైనా చెప్పాలా?”

చెప్పడానికి లేవలేదని చెప్పి కూర్చోవచ్చు. పెద్దకోడలు వెనక్కి తిరిగింది. రెండు రోజుల్లో మొదటిసారి తోడికోడలి మొహంలోకి చూసింది. పెద్దాయన వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు.

“ఈ ఇంటి చిన్నకోడల్నండీ,” అంది. “మా బావగారు అబద్ధం చెబుతున్నారు. ఆ రోజు వేలు పెట్టెయ్యమన్నది నేనే.”

గవర్నమెంటు లాయరు కుర్చీలో ముందుకు జరిగాడు. జడ్జిగారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు.

“ఎవరిని పెట్టెయ్యమన్నారమ్మా?”

చిన్నకోడలు మొగుడి వైపు చూసింది. ఆయన ఇంకా కూర్చునే ఉన్నాడు.